జిన్నాతు హమామ్‌దస్తాలో ఉంది

మా ఖాలా కూతురికి పదహారో ఏట మిర్గీ మొదలైంది. తెలుగులో మూర్ఛ, ఆస్పత్రిలో ఫిట్స్, మా మొహల్లాలో మాత్రం "సాయా". డాక్టరు కార్బమజెపైన్ సీఆర్ గోలీ రాశాడు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఆమిల్ సాబ్ తావీజులు రాశాడు. ఖాలా రెండూ వాడింది. తావీజు పిల్ల మెడలో దర్జాగా వేలాడింది. గోలీ మాత్రం చోరీ సొమ్ములా బియ్యం డబ్బాలో దాక్కుంది. తావీజు చూస్తే "నజర్ తగిలిందేమో" అంటారు, అంతే. గోలీ చూస్తే రిష్తా తప్పిపోతుంది!

గోలీ పెద్దది, పిల్ల మింగలేకపోయేది. పైగా ఎవరి కంటా పడకూడదు. అందుకని ఖాలా రోజూ ఫజర్ తర్వాత దాన్ని హమామ్‌దస్తాలో మెత్తగా దంచి, షహద్‌లో కలిపి నాకించేది. పొద్దెక్కేసరికి పిల్ల తూలేది. ఒకటి రెండుగా కనిపిస్తోందనేది. మాట ముద్దగా వచ్చేది. "చూశారా, సాయా ఎక్కింది" అన్నాడు ఆమిల్ సాబ్. మగ్రిబ్ వేళకి ఫిట్స్ వచ్చేవి. "అది వాళ్లు తిరిగే వేళే కదా" అన్నాడు. ఇంకో తావీజు, ఇంకో వెయ్యి రూపాయలు.

ఆరు నెలలకి ఇంకో డాక్టరమ్మ ఒకే ఒక్క సవాల్ అడిగింది: "గోలీ ఎలా ఇస్తున్నారమ్మా?" ఖాలా చెప్పింది. జిన్నాతు దొరికిపోయింది. అది హమామ్‌దస్తాలో ఉంది.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. గోలీల పత్తా మీద ఉండే ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల మత్లబ్ నాకూ ఆ రోజే తెలిసింది. సీఆర్ అంటే కంట్రోల్డ్ రిలీజ్. కొన్నిటి మీద ఈఆర్, ఎక్స్‌ఆర్, క్రోనో అని ఉంటుంది. ఆ గోలీ కడుపులో నిదానంగా, గంటల తరబడి దవాను వదులుతుంది. సఫర్‌కి అమ్మీ కట్టిచ్చిన తోషా లాంటిది. దారి పొడవునా కొంచెం కొంచెం తినాలి. దంచినా నమిలినా ఆ తోషా మొదటి స్టేషన్‌లోనే అయిపోతుంది. దవా ఒక్కసారిగా ఖూన్‌లోకి ఎక్కితే తూలడం, మత్తు, రెండేసి కనిపించడం. అది దిగిపోయాక మళ్లీ గోలీ పడేలోగా దిమాగ్‌కి పహరా ఉండదు. అప్పుడు ఫిట్స్.

మింగలేకపోతే డాక్టరుకి చెప్పండి. కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ రెండూ సిరప్‌గా కూడా దొరుకుతాయి, మోతాదు డాక్టరు మార్చి రాస్తారు. మధ్యలో గీత ఉన్న కొన్ని గోలీలను సగానికి విరవొచ్చు, అన్నిటినీ కాదు, అడిగి తెలుసుకోండి. షాపులో "అదే దవా, పేరే వేరు" అని ఇస్తే సీఆర్ ఉందో లేదో చూడండి. నంబరు ఒకటే అయినా సాదా గోలీ, సీఆర్ గోలీ ఒకటి కావు. తేమకి కార్బమజెపైన్ బలం తగ్గిపోతుంది, గుసుల్‌ఖానాలో, పొయ్యి పక్కన పెట్టకండి. ఒక పూట మరిచిపోతే రెండో పూట డబుల్ వేయకండి.

ఇక మన అసలు బీమారీ గురించి. "నలభై రోజులు ఇంగ్లీషు దవా బంద్ చేస్తేనే నా అమల్ పనిచేస్తుంది" అనే ఆమిల్‌ని నేను ముజ్రిమ్ అనే అంటాను. మిర్గీ దవా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి రావచ్చు, జాన్ పోవచ్చు. ఆ రాత్రి ఆమిల్ ఫోన్ ఎత్తడు. జనాజాకి మాత్రం వస్తాడు, "అల్లాహ్ మర్జీ" అంటాడు.

"అయితే దువా వద్దంటావా?" అని నన్ను అడుగుతారు, తెలుసు. దువా చేయండి, రోజూ చేయండి. కానీ బుఖారీ షరీఫ్‌లో ఒక రివాయత్ ఉంది. మిర్గీ ఉన్న ఒక ఔరత్ హుజూర్ (స) దగ్గరికి వచ్చి, పడిపోయినప్పుడు తన ఒంటి మీద బట్ట తొలగుతోందని చెప్పుకుంది. సబర్ చేస్తే జన్నత్, లేదంటే షిఫా కోసం దువా చేస్తానని ఆయన ఆమెకే ఇఖ్తియార్ ఇచ్చారు. ఆమె సబర్ కోరుకుంది, బేపర్దా కాకుండా మాత్రం దువా చేయించుకుంది. తర్వాతి రోజుల్లో ఇబ్నె అబ్బాస్ (ర) ఆమెను జన్నతీ ఔరత్ అని చూపించారు. ఎవరూ ఆమెను దాచలేదు. ఏం కావాలో ఆమెనే అడిగారు. మన బిడ్డల్ని మనం అడుగుతున్నామా? ఇలాజ్ చేయించుకోమన్నదీ ఆయనే కదా!

రంజాన్ సంగతి కూడా ఇంతే. సెహరీకీ ఇఫ్తార్‌కీ మధ్య మన దగ్గర పదమూడు, పద్నాలుగు గంటలు. దానికి తోడు తరావీహ్, సెహరీలతో నిద్ర తగ్గుతుంది, నిద్ర తగ్గితేనే చాలామందికి ఫిట్స్ వస్తాయి. షాబాన్‌లోనే డాక్టరుని కలవండి. కొందరికి సెహరీ, ఇఫ్తార్ వేళలకి సర్దుతారు, కొందరికి రోజా వద్దంటారు. బీమార్‌కి ఖురాన్ ఇచ్చిన రుఖ్సత్‌ని మీ పక్కింటి బూబమ్మ రద్దు చేయలేదు. ఖజానా, ఫిదియానా అన్నది ఆలిమ్‌ని అడగండి. గోలీ ఆపాలా అన్నది మాత్రం ఆలిమ్‌ని కూడా అడగకండి.

నిఖా ముందు దాచేవాళ్లకి ఒక మాట. వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వస్తే వందలో సుమారు పది మంది పిల్లలకి పుట్టుకలోనే లోపాలు, ముప్ఫై నుంచి నలభై మందికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు రావచ్చు. దవా మార్చాలంటే నిఖాకి ముందే డాక్టరు దగ్గర మాట్లాడాలి. దాచిపెట్టి పంపిన దుల్హన్ ససురాల్‌లో భయపడి గోలీ మానేస్తుంది. ఇజ్జత్ పేరుతో మనం చేసేది ఆ బిడ్డ మీద జుల్మ్.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, ముక్కు దగ్గర చెప్పు పెట్టకండి, నోట్లో చెంచా అసలే పెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

మా ఖాలా హమామ్‌దస్తా ఇప్పుడు ఇలాచీలు దంచుతోంది. పిల్ల గోలీని నిండు గ్లాసు నీళ్లతో మింగుతుంది, దస్తర్‌ఖాన్ దగ్గర, అందరి ముందూ.