కలమూ, కారూ

పిల్లలూ! చూసి రాసేవాడికీ, చేసి రాసేవాడికీ తేడా ఉంది. బెల్జియం దేశస్థుడు పాల్ ఫ్రేర్ పత్రికలకు కార్లను గురించి రాసేవాడు. రాసి ఊరుకోక, తానే పందేలలో దిగాడు. 1956లో బెల్జియం గ్రాండ్ ప్రీలో రెండవవాడుగా వచ్చాడు.

1960లో ఫ్రాన్సులోని లెమాన్ పందెం. అది 24 గంటలు సాగుతుంది. ఒక్కొక్క కారును ఇద్దరేసి వంతులవారీగా నడిపారు. ఫెరారీ కార్లలో రెండు, పెట్రోలు లెక్క తప్పి, దారిలోనే నిలిచిపోయాయి! లెక్క తప్పితే వేగం ఏం చేస్తుంది? ఫ్రేర్, జాందబియన్ నడిపిన ఫెరారీ మాత్రం 4,200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి గెలిచింది.

గెలిచాక ఫ్రేర్ పెద్ద పందేలు మాని, మళ్ళీ కలం పట్టాడు. ఎనభై దాటినా కార్లను స్వయంగా నడిపి చూసి రాశాడు. 2008లో మరణించాడు.

మీరూ తోటను గురించి వ్యాసం రాయాలంటే, ముందు ఒక మొక్క నాటండి!