ఇంకో నాలుగు బస్తాలు

సిమెంటు దుకాణం ముందు బండి నిండుతున్నప్పుడు, సామాను కొన్నవారి నోట తరచూ వినపడే మాట ఒకటుంది. "చోటుందిగా, ఇంకో నాలుగు బస్తాలు వెయ్యవయ్యా." అడిగేవారికి చెడు ఉద్దేశమేమీ ఉండదు. రెండో ట్రిప్పు కిరాయి తప్పుతుందన్న ఆశ, పొద్దుగూకేలోగా పని తెమలాలన్న తొందర, అంతే. బండి వెనక భాగం ఇంకా ఖాళీగానే కనిపిస్తుంటుంది కూడా. డ్రైవరు ఒక్క క్షణం తటపటాయిస్తాడు. కాదంటే పక్కనే ఇంకో బండి సిద్ధంగా ఉందని అతనికి తెలుసు. హమాలీ బస్తా ఎత్తుతాడు.

కంటికి కనిపించే చోటుకీ, బండి మోయగల బరువుకీ పొత్తు కుదరదు. చొప్ప కట్టలు నిలువెత్తు పేర్చినా బరువు హద్దులోనే ఉండొచ్చు. అదే టాటా ఏస్ లాంటి చిన్న బండిలో ఇసుక జానెడు ఎత్తు పరిచేసరికే హద్దు దాటిపోతుంది. ఇంటి గచ్చుకు వాడే 20 మిల్లీమీటర్ల గ్రానైటు పలక చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. 300 చదరపు అడుగుల గదికి సరిపడా రాయి అంటే టన్నున్నర. పలకలన్నీ నిలబెట్టి కట్టేస్తే బండిలో ఓ మూలకు ఒదిగిపోతాయి. ఎండాకాలం కాలనీల్లో నీళ్లు పోసే బండ్ల సంగతీ అంతే. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే టన్ను బరువు. సగం ఖాళీ అయ్యాక ఆ నీళ్లు మలుపు మలుపుకీ ఒక పక్కకు ఒరుగుతూ బండిని కూడా తమతో లాగుతాయి.

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానికి 'చోటా హాథీ' అన్న ముద్దుపేరు దేశమంతటా స్థిరపడింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ముప్పావు టన్ను మోత. లారీ దూరలేని సందుల్లోకి, ఆటో మోయలేని సరుకుతో వెళ్లగలిగిన బండి అది. తర్వాత అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా బొలెరో పికప్ పల్లె పల్లెకూ చేరింది. మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమంది యువకులు జీతం కోసం ఊరు వదలకుండా ఫైనాన్సులో ఓ బండి తీసుకుని నిలదొక్కుకున్నారంటే ఈ చిన్న బండ్ల చలవే. మదనపల్లె టమాటా మార్కెట్టు, నూజివీడు మామిడి తోటలు, ఊరూరి సంతలు, పెళ్లి సామాన్లు, ఇల్లు మారే కుటుంబాల మంచాలు, బీరువాలు అన్నీ వీటి మీదే కదులుతున్నాయి. ఇంత మేలు చేసే బండి గురించి దాన్ని పిలిపించుకునే మనం తెలుసుకోవలసిన కనీస విషయం ఒకటుంది. అది ఎంత మోయగలదు?

జవాబు బండి ఆర్‌సీలోనే ఉంటుంది. అందులో ఒక అంకె ఖాళీ బరువు. ఇంకొకటి బండి, సరుకు, మనుషులు అంతా కలిపి మించకూడని మొత్తం బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మన వాటా. మొత్తం బరువు 1,550 కిలోలు, ఖాళీ బరువు 800 కిలోలు అనుకుంటే మిగిలేది 750. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు పదిహేను. కానీ ఖాళీ బరువులో డ్రైవరు గానీ, తోడు వచ్చే మనిషి గానీ కలవరని మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ఉంది. డ్రైవరు, ఇద్దరు హమాలీలు ఎక్కితే సుమారు రెండు వందల కిలోలు అక్కడే ఖర్చవుతాయి. మిగిలింది పదకొండు బస్తాలకు చోటు. ముప్పై బస్తాలతో పోతున్న ఏస్ మన రోడ్ల మీద వింత కాదు గనుక ఈ పదకొండు అన్న అంకె చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. బొలెరో పికప్‌లు రకాన్ని బట్టి సుమారు 1,300 నుంచి 2,000 కిలోల దాకా మోస్తాయి. చూపులకు అన్నీ ఒకటే. ఆర్‌సీ చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు. టమాటా 25 కిలోల ట్రేలు అరవై వేస్తే టన్నున్నర అవుతుంది. ఖాళీ ట్రేల బరువే మరో వంద కిలోలకు దగ్గరగా ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకునేవారు తక్కువ.

"లాగుతోంది కదండీ" అన్నది ఎదురయ్యే జవాబు. నిజమే, లాగుతుంది. రెట్టింపు బరువు వేసినా ఇంజను మూలుగుతూ మొదటి గేరులో కదిలిపోతుంది. అసలు చిక్కు కదలడంలో కాదు, ఆగడంలో ఉంది. బరువు రెట్టింపైతే, అదే వేగంలో వెళ్తున్న బండిని ఆపడానికి బ్రేకులు తీసుకోవలసిన శక్తీ రెట్టింపవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారి డ్రమ్ముల్లోకి, లైనింగుల్లోకి పోతుంది. మితిమీరి వేడెక్కిన లైనింగుకు పట్టు తగ్గుతుంది. డ్రైవరు పెడల్ తొక్కుతూనే ఉంటాడు, బండి జారుతూనే ఉంటుంది. పాడేరు ఘాట్‌లోనో, మారేడుమిల్లి మలుపుల్లోనో, శ్రీశైలం దారిలోనో ఇది ఎంత ప్రమాదమో ఆ దారుల్లో తిరిగే డ్రైవర్లకు బాగా తెలుసు. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల నియమం ఇందుకే పుట్టింది. ఇంజను పట్టి ఉంచితే బ్రేకుల మీద భారం తగ్గుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసుకుని దిగే కుర్రవాళ్లకు ఈ మాట ఎవరో ఒకరు నచ్చజెప్పాలి.

ఇక కమాన్ కట్టల, అంటే చక్రాల మీద బండిని మోసే స్ప్రింగు పట్టీల సంగతి. ఎక్కువ లోడు వేస్తే బండి వెనక కుంగుతుంది. కుంగకుండా ఉండేందుకు వెనక కమాన్‌లో అదనంగా ఒకటో రెండో కట్టలు వేయించడం కొత్త బండి కొన్న వారానికే జరిగే పని. కట్ట వేశాక బండి కుంగదు కాబట్టి మోత పెరిగిందన్న ధైర్యం వస్తుంది. పెరిగింది కట్టల బలం మాత్రమే. యాక్సిల్ అదే, బేరింగులు అవే, టైర్లు అవే, బ్రేకులు అవే. పైగా కొన్ని పికప్‌లలో వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి పంపాలో తేల్చే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. బండి ఎంత కుంగిందన్నదాన్ని బట్టే అది లోడును అంచనా కడుతుంది. గట్టి కట్టలు వేసి కుంగకుండా చేస్తే లోడు తక్కువే ఉందనుకుని వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గిస్తుంది. వేసినవారికి ఆ సంగతి తెలియదు. షెడ్డులో చెప్పేవారూ ఉండరు. ఆటోనగర్ మెకానిక్కుల నైపుణ్యం మీద ఎంతో గౌరవం ఉంది గనుకే, ఈ ఒక్క మాట వారే బండి యజమానులకు చెప్పాలని కోరుకోవాలి. వారి మాటకున్న విలువ ఏ పత్రిక రాతకూ ఉండదు.

బరువు ఎంతన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడన్నదీ అంతే ముఖ్యం. ఇది మన రైతులకు కొత్త పాఠం కాదు. ఎద్దుల బండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి, ఎద్దుల మెడ కింది తాడు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువైతే మెడలు నలుగుతాయి. అందుకే ఇరుసుకు అటూ ఇటూ చూసుకుని బస్తాలు సర్దేవారు. పికప్‌లోనూ సరుకంతా వెనక తలుపు దగ్గరే పడితే ముందు చక్రాల మీద బరువు తేలిపోతుంది. స్టీరింగు తిప్పినంతగా బండి తిరగదు. పొడవాటి ఇనుప చువ్వలు వెనక్కి వేలాడేలా వేసుకున్నప్పుడు జరిగేది ఇదే. ఎద్దులు లాగే బరువుకు కూడా ఈ దేశంలో ప్రభుత్వ నియమం ఉంది. బండి లాగే, మోత మోసే పశువుల మీద ఎంత వేయాలన్నది 1965లోనే రాసిపెట్టారు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా వాటిచేత పని చేయించకూడదనీ అందులో ఉంది. పశువుకు నొప్పి ఉంటుంది, అది మొరాయిస్తుంది, మనిషి జాలి పడతాడు. టైరుకు ఆ వీలు లేదు. మే నెల ఎండలో కాలే తారు మీద, గాలి తక్కువగా, లోడు ఎక్కువగా తిరిగే టైరు లోలోపలే వేడెక్కుతూ పోతుంది. ఒక్కో టైరు ఎంత మోయగలదో దాని పక్క గోడ మీద అచ్చు వేసిన సంకేతం చెబుతుంది. పేలేదాకా అది చూసేవారు ఉండరు.

సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించే అలవాటు గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. మిరప కోతలకు, పత్తి తీతలకు కూలీలను, తిరునాళ్లకు భక్తులను వెనక నిలబెట్టి తీసుకుపోతారు. ఇరవై మంది ఎక్కితే వెయ్యి కిలోలు దాటుతుంది. అదీ నిలబడి ఉన్న బరువు, ఎత్తున ఉండే బరువు, మలుపులో అంతా ఒకేసారి ఒక పక్కకు వాలే బరువు. పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, కూర్చోవడానికి బల్ల ఉండదు. పొలాల మధ్య బోల్తాపడ్డ బండ్ల వార్తలు ఏటా పత్రికల్లో అచ్చవుతున్నాయి. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆడకూలీలే ఉండే ఆ వార్తలు చదివి పేజీ తిప్పేయడం కష్టం. కోతల కాలానికి కూలీలకు బస్సు ఏర్పాటు చేయడం పెద్ద రైతులు, గ్రామ పంచాయతీలు కలిసి ఆలోచిస్తే కుదరని పని కాదు.

చట్టం గట్టిగానే ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000. అంతకుముందు అది 2,000, అదనపు టన్నుకు 1,000 ఉండేది. అదనపు సరుకు దించే ఖర్చూ తప్పదు. ఈ జరిమానా విధించే సెక్షనే బండి నడిపినవారినే కాక, నడిపించినవారినీ, నడవనిచ్చినవారినీ బాధ్యుల్ని చేస్తోంది. అయినా ఆచరణలో శిక్ష పడేది డ్రైవరుకే, ఆ రోజు సంపాదన పోయేది అతనికే. "ఇంకో నాలుగు బస్తాలు" అన్నవారు అప్పటికి ఇంటి దగ్గర మేస్త్రీతో మాట్లాడుతూ ఉంటారు.

కిరాయి పద్ధతిలోనే ఈ చిక్కుకు మూలం ఉంది. బండికి ఇంత అని ట్రిప్పు లెక్కన మాట్లాడుకుంటాం. ఒక్కసారి బేరం కుదిరాక ఎంత ఎక్కువ వేస్తే మనకు అంత లాభం. డీజిల్, వాయిదా, టైర్ల అరుగుదల, బోల్తా భయం అన్నీ డ్రైవరు వంతు. ఆ రోజు బేరం పోతే వాయిదా ఎలా కట్టాలన్న బెంగ అతన్ని కాదననివ్వదు. కిలోల లెక్కన కిరాయి మాట్లాడుకుంటే ఈ ఒత్తిడి సగం తగ్గుతుంది. అది పూర్తిగా సాధ్యం కాదనుకుంటే, బండి మాట్లాడేటప్పుడే సరుకు బరువు చెప్పి, "ఇంతకు మీ బండి సరిపోతుందా, రెండు ట్రిప్పులా?" అని ముందే అడగొచ్చు. అడిగి, రెండో ట్రిప్పు కిరాయి మనస్ఫూర్తిగా ఇవ్వాలి. ఇల్లు కట్టుకునే లక్షల లెక్కలో ఆ మొత్తం ఎంత?

దుకాణాల వాళ్లూ ఒక చిన్న పని చేయొచ్చు. ఇనుము తూకం మీదే అమ్ముతారు గనుక ఆ బిల్లులో కిలోలు ఎలాగూ ఉంటాయి. సిమెంటు, టైల్సు, గ్రానైటు బిల్లుల్లో సంఖ్యే ఉంటుంది, చదరపు అడుగులే ఉంటాయి. ఆ బిల్లు కింద మొత్తం బరువు ఒక్క వరుస రాస్తే కొన్నవారికీ, మోసేవారికీ ఒకేసారి తెలుస్తుంది. వేబ్రిడ్జి ఉన్న మార్కెట్ యార్డుల్లో, బయటికి వెళ్లే చిన్న బండిని కూడా ఓసారి కాటా మీదికి ఎక్కించి, ఆ చీటీ డ్రైవరు చేతికి ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. జరిమానా కోసం కాకుండా అతనికి తెలియడం కోసమే. పెద్ద లారీల పక్కన ఖాళీ బరువు, మొత్తం బరువు రాసి ఉండటం చూస్తూనే ఉన్నాం. కానీ అవి ఇంగ్లీషు పొడి అక్షరాల్లో, తీసివేత చేసుకుంటే గానీ అర్థం కాని తీరులో ఉంటాయి. అమెరికాలో పికప్ డ్రైవరు తలుపు తెరిస్తే అక్కడి స్తంభం మీదే చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సరుకూ కలిపి ఇంతకు మించవద్దని ఒక్క అంకె, ఒక్క వాక్యంలో. అక్కడ స్థిరపడిన మనవాళ్లకు అది తెలిసిన చీటీయే. మన బండ్ల వెనక తలుపు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, "ఈ బండి మోత మనుషులతో కలిపి 750 కిలోలు" అని రాయించడానికి రవాణా శాఖ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. పిల్లల పేర్లు, ఇలవేల్పు పేరు రాసే పెయింటరే ఆ వరుసా రాస్తాడు. అదనపు బస్తా అడిగినవారికి డ్రైవరు తన నోటితో కాదనక్కర్లేకుండా ఆ రాత చూపిస్తే చాలు.