పాత ఆటలనుండి క్రొత్త ఆట

శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయమును చూడవచ్చువారు శిల్పములను మెచ్చుకొని మరలిపోవుదురు. ఆ చుట్టుప్రక్కల అరుగులపై పెద్దలు బొగ్గుతో గీతలు గీసి, వంశధార యిసుకలో నేరిన గులకరాళ్లతో ఆడుకొను పులిజూదమును నిలిచి చూచువారు తక్కువ. మా బాలురలో పలువురకు ఈ యాట తెలియును. కాని చదరంగము వచ్చునాయని యడిగిన గర్వముతో తల యూపు బాలుడే, పులిజూదము వచ్చునాయని యడిగిన సిగ్గుపడును. ఈ సిగ్గు తగదనియు, క్రొత్త యాటను కల్పింపగోరువారికి ఇట్టి పాత యాటలే మూలధనమనియు మా యభిప్రాయము.

ముందుగా మా తప్పు నొప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట వసారా నేలపై సుద్దముక్కతో పులిజూదపు గీతలు గీసిన యొక బాలుని మేము గద్దించి, వానిచేతనే నేల కడిగించితిమి. ఆటలద్వారా బోధింపవలెనని ఉపాధ్యాయ శిక్షణమున నేర్చుకొనివచ్చినది మేమే. ఆ పని చేసినదియు మేమే! మరునాడు లెక్కలు దిద్దుచుండగా ఆ బాలుని పుస్తకపు చివరిపుటలో అదే గీతల చిత్రమును, దాని ప్రక్కన కొట్టివేసి మరల వ్రాసిన నియమములును కనబడినవి. వాడు పులిజూదమును, దాడి యాటను ఒకటిగా కలుపజూచుచుండెను. మేము సోమరితనమనుకొన్నది ఆలోచన!

ఈ రెండాటల తీరు చదువరులకు జ్ఞప్తి చేయుదుము. పులిజూదమున పులులు 3, మేకలు 15. పులి మేకమీదుగా దాటి, ఆవలి ఖాళీ స్థానమున వ్రాలి దానిని చంపును. మేకలు గుమిగూడి పులులకు కదలిక లేకుండ కట్టివేసిన గెలుచును. దాడి యాటలో ఇరువురకును తొమ్మిదేసి కాయలు, స్థానములు 24. మూడు కాయలు ఒక వరుసను చేర్చినవాడు ఎదుటివాని కాయ నొకదానిని తీసివేయును.

ఆ సాయంకాలము మేము వానితో కూర్చుండి, వాని నియమముల ప్రకారము ఆడిచూచితిమి. మూడు మేకలు వరుసకట్టిన ఒక పులి చచ్చుననుట వాని మొదటి నియమము. పులులు మూడే గావున ఆట నిమిషములలో ముగిసినది. మేకలకు ఓర్పుతో పనిలేకపోయెను. రెండవమారు, వరుస కట్టినప్పుడెల్ల చచ్చిన మేక యొకటి తిరిగి లేచునని మార్చెను. అప్పుడు ఆట ముగియనే లేదు. మూడవమారు వాడు చాలసేపు మౌనముగా నుండి, "అయ్యగారూ, ఏమియు తీయను, ఏమియు ఇయ్యను. ఎడము లేకుండ ఒకే గీతపై నిలిచిన మూడు మేకలను పులి చంపరాదు, అంతే" యనెను. దానికి బదులుగా మేకలను 12కు తగ్గించెను. ఇప్పుడు వరుసలో నున్న మేకకు ప్రాణభయము లేదు. కాని వరుసను విడువనిదే పులిని కట్టుట కాదు. ప్రతి యెత్తునందును క్షేమమా, సాహసమా యను ప్రశ్న పుట్టెను. ఇరువైపులకు బలము సరితూగినదో లేదో ఇంకను పెక్కుమారులు ఆడి చూడవలసియున్నది. కాని అది ఆట యైనది.

దీనివలన మేము నేర్చినదేమనగా, కలుపుట యనగా కుప్పవేయుట కాదు. ఒక్కొక్క యాటనుండి ఒక్కొక్క ప్రాణాంశమును గైకొని, తక్కినది విడువవలెను. స్పెయిను దేశమున అల్ఫాన్సో రాజు 1283లో వ్రాయించిన ఆటల గ్రంథమున అల్కెర్కె యను ఆట వర్ణింపబడినది. అందు పన్నెండేసి కాయలు. మన పులివలెనే ఎదుటి కాయను దాటి చంపుట. ఈ పద్ధతిని చదరంగపు 64 గడులపైకి తెచ్చుటచే డ్రాఫ్ట్సు ఆట పుట్టెనని మరే అను ఆంగ్ల చరిత్రకారుడు తెలిపెను. అందు చదరంగపు బల్ల వచ్చినది. గుర్రములు, ఏనుగులు రాలేదు. మరొకవంక, 1921 నుండి 1927 వరకు ప్రపంచ చదరంగ విజేతయైన కాపబ్లాంకా, గడులను 80కి పెంచి, ఏనుగు గుర్రముల నడకలు కలిసిన కాయ నొకటి, శకటు గుర్రముల నడకలు కలిసిన కాయ నొకటి చేర్చెను. అంతటి మేధావి చేర్చినను లోకము పాత చదరంగమునే ఆడుచున్నది.

ఇవి చిల్లర యాటలనువారికి ఒక మాట. డ్రాఫ్ట్సును కంప్యూటరుచే తుదముట్ట శోధింప 1989లో పూనుకొన్న షేఫర్ పండితునకు 2007 వరకు పట్టెను. ఇరువురును తప్పక ఆడినచో ఎవరును గెలువరని తేలెను. మన దాడి వంటి తొమ్మిదికాయల యాటకును గాసర్ 1993లో ఇట్టి ఫలమునే కనుగొనెను. గీతలు కొలదియైనను లోతు కొలది కాదు.

జూదమను పేరు విని కొందరు తల్లిదండ్రులును, మా సహోపాధ్యాయులును శంకింతురు. ఇందు పందెము లేదు, పాచిక లేదు, గవ్వ లేదు. ఓడినవాడు అదృష్టమును నిందింప వీలులేదు; తన యెత్తునే తిరిగి చూచుకొనవలెను. బాలురకు ఇంతకన్న మంచి యలవాటేది?

ప్రియ విద్యార్థులారా! ఈ సెలవులలో మీ తాతగారి యొద్దను, అమ్మమ్మగారి యొద్దను కూర్చుండి, వారి యాటల నియమములను, ఊరికొక తీరుగా నున్న భేదములతోసహా వ్రాసికొనుడు. పిమ్మట రెండింటిని కలిపి చూడుడు. మీ నియమముల కాగితమును ఇద్దరు స్నేహితుల చేతికిచ్చి, మీరు నోరు మెదపక ప్రక్కన కూర్చుండుడు. వారు మిమ్ము నడుగకుండ ఆడి ముగించి, మరల గీతలకడ కూర్చుండిరా, మీ యాట నిలిచినట్లే. లేదా, కొట్టివేసి మరల వ్రాయుడు. వసారా నేలపై గీసికొన్నను మేమిక కడిగింపము.