ధాన్యం దళారిని అడుగుతాం, షేర్ల దళారిని అడగమా?

నిన్న మా బామర్ది ఫోన్ చేశాడు. ధాన్యం డబ్బులు ఖాతాలో పడ్డాయంట. నెల్లూరులో ఎవరో షేర్ల కంపెనీ వాళ్లు నెలకి వందకి మూడు రూపాయలు గ్యారంటీగా ఇస్తామన్నారంట. మూడు లక్షలు పెట్టమంటావా బావా అన్నాడు. అందుకే ఈ పోస్టు.

కళ్లం దగ్గరికి ధాన్యం దళారి వస్తే పుట్టికి ఎంతిస్తావు, తేమకి ఎంత కోస్తావు, పోయినేడు పక్కూరోళ్లకి డబ్బులు ఎన్నాళ్లకిచ్చావు అని పీకుతాం. రొయ్య పిల్లని పీసీఆర్ రిపోర్టు చూడకుండా గుంటలో వదలం. అదే షేర్ల ఆఫీసుకి పోతే ఏసీ చల్లగాలికే నోరు పడిపోద్ది. బ్రోకరంటే ఎవరనుకున్నారు? దళారే కదా.

నేనూ తెలివైనోణ్ణేం కాదు. కొన్నేళ్ల కిందట పాప పెళ్లికని దాచిన లక్షా ఎనభై వేలు పట్టుకొని ఒక బ్రోకర్ ఆఫీసుకి పోయా. పేరు చెప్పను. ఆ కుర్రోడు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకాలు చేశా. ఇంటర్ దాకా చదివినా ఒక్క పేజీ చదవలా. ఫోన్ నంబరు దగ్గర ‘మెసేజీల గోల మీకెందుకు బాబాయ్’ అని వాళ్ల నంబరే రాసుకున్నాడు. ఏడాదిన్నరకి లెక్క తీయిస్తే రోజూ కొనడం, అమ్మడం. ముప్పై ఎనిమిది వేలు కమీషన్ కిందే పోయింది. అందులో నేను కొనమన్నది ఒక్కటీ లేదు.

నాది చిన్న దెబ్బ. హైదరాబాద్ కార్వీ సంగతి చూడండి. ఊరూరా బ్రాంచీలు, పాన్ కార్డు దరఖాస్తులు కూడా అక్కడే ఇచ్చేవాళ్లం. సెబీ లైసెన్సు ఉన్న కంపెనీయే. ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ అడ్డం పెట్టుకొని వాళ్ల షేర్లని తన ఖాతాలోకి మళ్లించి, బ్యాంకుల్లో తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుంది. గోడౌన్లో మనం దాచిన బస్తాల్ని గోడౌన్ ఓనరు తన సరుకని కుదవ పెట్టినట్టు. 2019 నవంబరు 22న సెబీ ఆర్డరిచ్చేదాకా చాలామందికి తెలియనే తెలియదు. 95 వేల మంది పైచిలుకు షేర్లంట. చాలామందికి షేర్లు వెనక్కి వచ్చాయి గానీ, ఆ నెలల్లో వాళ్లకి నిద్ర పట్టి ఉంటుందా? 2020లో ఎన్‌ఎస్‌ఈ దాన్ని వెలేసింది, 2021లో ఛైర్మన్ అరెస్టయ్యాడు.

కాబట్టి లైసెన్సు చూసేశాం, అయిపోయింది అనుకోవద్దు. చూడాల్సిందే. సెబీ వెబ్‌సైట్లో బ్రోకర్ పేరు కొడితే ఐఎన్‌జెడ్‌తో మొదలయ్యే నంబరు రావాల. అది రాకపోతే లేచి వచ్చేయండి. వచ్చినా సగం పనే. రెండో సగం, మన షేర్లు నిజంగా మన పేరున ఉన్నాయా అన్నది. బ్రోకర్ యాప్‌లో చూపించేది బ్రోకర్ చెప్పే మాట. అసలు లెక్క సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ దగ్గర ఉంటుంది. వాళ్లు పంపే స్టేట్‌మెంట్ మన మెయిల్‌కి రావాల, మెసేజి మన ఫోన్‌కి రావాల. అక్కడ నంబరు మనది కాకపోతే మన కయ్యకి కాపలా దొంగకి ఇచ్చినట్టే. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు, మన పిల్లోడి స్నేహితుడైనా సరే.

డబ్బు నగదుగా ఇవ్వొద్దు. బ్రోకర్ నగదు తీసుకోకూడదు. ఎవరో మేనేజరు సొంత ఫోన్‌పే నంబరుకి కొట్టమంటే అక్కడే ఆగండి. 2025 అక్టోబరు నుంచి సెబీ బ్రోకర్లకి ‘వాలిడ్’ అనే మాట ఉండే యూపీఐ ఐడీలు ఇప్పించింది, సెబీ చెక్ అని పెట్టింది, అందులో ఖాతా నంబరు సరిచూసుకోవచ్చు. ఇంక గ్యారంటీ లాభం సంగతి. షేర్లలో గ్యారంటీ ఇవ్వడానికి ఏ బ్రోకర్‌కీ రూలు ఒప్పుకోదు. ఇస్తానన్నోడు ఆ ఒక్క మాటతోనే దొరికిపోయాడు.

బామర్దికి ఇదే చెప్పా, రిజిస్ట్రేషన్ నంబరు అడగరా అని. అడిగితే ‘మీ బావకి షేర్ల గురించి ఏం తెలుసు’ అన్నారంట. నంబరు మాత్రం చెప్పలా. మూడు లక్షలు బ్యాంకులోనే ఉన్నాయి. వాడు నా మీద కొంచెం అలిగి ఉన్నాడు, పర్లేదు.