అమ్మిన సరుకుపై అమ్మినవాడి చెయ్యి

బేరం కుదిరి, డబ్బు చేతులు మారి, సరుకు ఇంటికి చేరాక ఆ సరుకుపై అమ్మినవాడికి పెత్తనం ఉండదు. కుండ కొన్నా, గడియారం కొన్నా, సైకిలు కొన్నా ఇంతకాలం మనకు తెలిసిన పద్ధతి ఇదే. లోపం కనపడితే కొన్నవాడే దాన్ని మోసుకుని దుకాణానికి వెళ్ళేవాడు. విద్యుత్ వాహనాలు వచ్చాక ఈ పద్ధతి తారుమారైంది. మన గుమ్మంలో నిలిపి ఉన్న బండి గుణాన్ని, దాన్ని తయారుచేసినవాడు ఎక్కడో కూర్చుని రాత్రికి రాత్రి మార్చగలుగుతున్నాడు.

మా వీధిలో గుడ్డల వ్యాపారం చేసే చాచా ఒకరున్నారు. పాత పెట్రోలు స్కూటరు అమ్మేసి రెండేళ్ళ క్రితం కరెంటు స్కూటరు కొన్నారు. దానిమీదే మూటలు కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి వస్తారు. ఒక సాయంత్రం ఆయన బండిని నెట్టుకుంటూ చెమటలు కక్కుతూ వీధిలోకి వచ్చారు. నిండా చార్జింగ్ పెట్టుకుని బయలుదేరినా రోజూ తిరిగే దారి పూర్తికాకుండానే ఆగిపోయిందట. మర్నాడు షోరూముకు వెళ్ళి అడిగితే, "అప్‌డేట్ వచ్చింది చాచా, బ్యాటరీ భద్రత కోసం చార్జింగ్ కొంచెం తగ్గించారు, మీ మంచికే" అన్నారట.

"భద్రత కోసమే అయితే ముందుగా ఒక మాట చెప్పొద్దూ? అంటే ఇన్నాళ్ళూ భద్రత లేని బండిని మెట్ల కింద పెట్టుకుని మేం పైన పడుకున్నామన్నమాటేగా!" అని చాచా మా దగ్గర వాపోయారు. ఆయనకు సర్దిచెప్పబోయి మేము ఆగిపోయాం. ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

ఈ ప్రశ్న లోగడ చాలా పెద్ద చోట్ల కూడా వచ్చింది. 2019లో షాంఘై, హాంకాంగ్ నగరాల్లో నిలిపి ఉంచిన టెస్లా కార్లు అంటుకున్నాయి. ఆ వెంటనే ఆ సంస్థ తన కార్లకు దూరం నుంచే ఒక కొత్త సాఫ్ట్‌వేర్ పంపింది. దాంతో కొందరు అమెరికా యజమానుల కార్లలో బ్యాటరీ మునుపటిలా నిండటం మానేసింది. వారు కోర్టుకెక్కారు. 2021లో 15 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. 1,743 కార్లకు గాను ఒక్కొక్కరికి 625 డాలర్లు ముట్టాయి. డబ్బు స్వల్పమే. కానీ చెప్పకుండా కోత పెడితే ఆ కోతకు ఖరీదు కట్టవలసి వస్తుందని తేలింది.

అసలు చార్జింగ్ తగ్గిస్తే భద్రత ఎలా పెరుగుతుంది? లిథియం బ్యాటరీ లోపల చిన్న చిన్న సెల్స్ ఉంటాయి. ప్రతి సెల్‌లోనూ ధన, రుణ ధ్రువాల మధ్య కాగితం కంటే పలచని పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. తయారీలో ఆ పొర మడతపడినా, లోపలి రేకు చిరిగినా రెండు ధ్రువాలు ఎప్పుడో ఒకప్పుడు కలుసుకుంటాయి. అప్పుడు సెల్ వేడెక్కుతుంది, ఆ వేడి పక్క సెల్‌ను అంటుకుంటుంది, క్షణాల్లో పెట్టె మొత్తం మండుతుంది. బ్యాటరీ ఎంత నిండుగా ఉంటే మంట అంత తీవ్రంగా ఉంటుంది. అందుకే నూటికి నూరు నింపకుండా ఎనభై, తొంభై దగ్గర ఆపితే ముప్పు తగ్గుతుంది. తగ్గుతుందే గాని పోదు. సాఫ్ట్‌వేర్ కాపలా కాయగలదు, వేడిని కనిపెట్టగలదు, చార్జింగును ఆపగలదు. చిరిగిన రేకును అతికించలేదు.

ఈ సంగతి తెలుసుకోవటానికి కొరియా దేశం ఒక కారును బలిపెట్టవలసి వచ్చింది. కోనా విద్యుత్ కార్లలో వరుసగా మంటలు రావటంతో 2020 అక్టోబరులో హ్యుందాయ్ సంస్థ అక్కడ పాతికవేలకు పైగా కార్లను పిలిపించి సాఫ్ట్‌వేర్ మార్చి పంపింది. 2021 జనవరిలో దేగు నగరంలో అలా మార్పించుకున్న కారే ఒకటి తగలబడింది. మరుసటి నెలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 82 వేల వాహనాలకు బ్యాటరీలే మారుస్తామని ఆ సంస్థ ప్రకటించవలసి వచ్చింది. దానికి అంచనా ఖర్చు దాదాపు లక్ష కోట్ల వాన్లు! అంత ఖర్చు కళ్ళముందు కనపడుతున్నప్పుడు, ఖర్చులేని సాఫ్ట్‌వేర్ మందునే ముందుగా వాడిచూద్దామని ఏ సంస్థకైనా అనిపిస్తుంది. అనుమానించవలసింది కూడా ఆ చోటే.

అమెరికాలోనూ ఇదే కథ. 2020 నవంబరులో జనరల్ మోటార్స్ దాదాపు 69 వేల బోల్ట్ కార్లకు చార్జింగును తొంభై శాతానికి పరిమితం చేసింది. కొన్ని నెలలకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి, ఇక నూరు శాతం నింపుకోవచ్చని చెప్పింది. ఆ మందు వేయించుకున్న కార్లలోనే రెండు కాలిపోయాయి. కార్లను ఇంటికి దూరంగా ఆరుబయట నిలపండి, రాత్రిళ్ళు చార్జింగ్ పెట్టి పడుకోకండి అని యజమానులకు కబురు వెళ్ళింది. 2021 ఆగస్టు నాటికి అప్పటివరకు తయారైన బోల్ట్ కార్లన్నిటినీ, సుమారు లక్షా 42 వేలను, వెనక్కి పిలవక తప్పలేదు. ఖర్చు 200 కోట్ల డాలర్లకు చేరింది. సెల్స్ తయారుచేసిన ఎల్‌జీ సంస్థ అందులో 190 కోట్ల వరకు భరించటానికి ఒప్పుకుంది. పుండొకచోట, మందొకచోట అంటే ఇదే కదా!

దూరం నుంచి మరమ్మతు చేయటాన్ని మేము తప్పుపట్టటం లేదు. ఒక్క రాత్రిలో వేల బండ్లకు చేరే ఉపాయం మామూలు ఉపాయం కాదు. అసలు బ్యాటరీ వచ్చేదాకా ప్రాణం కాపాడటానికి చార్జింగ్ తగ్గించటమూ మంచిదే. మా అభ్యంతరమల్లా మరమ్మతును మరమ్మతు అనకపోవటం మీద. 'మెరుగుదల' అని, 'అనుభవం కోసం' అని తీపి మాటలు చెప్పి లోపాన్ని కప్పిపుచ్చటం మీద. 2021 అక్టోబరులో అమెరికా రోడ్డు భద్రతా శాఖ టెస్లాకు ఉత్తరం రాసింది. భద్రతకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ పంపి, దాన్ని రీకాల్‌గా ఎందుకు నమోదు చేయలేదని నిలదీసింది. 2023 డిసెంబరులో డ్రైవింగుకు తోడ్పడే ఏర్పాటు విషయంలో 20 లక్షలకు పైగా టెస్లా కార్లకు దూరం నుంచే మార్పు పంపినప్పుడు దాన్ని రీకాల్ పేరుతోనే చేశారు. బండి వర్క్‌షాపు గడప తొక్కకపోయినా అది రీకాలే. ఆ పేరు పెడితేనే లోపం ఏమిటో, ఎన్ని బండ్లలో ఉందో, ఎంతమందికి మరమ్మతు అందిందో కాగితం మీదికి వస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వద్దాం. 2022 మనవాళ్ళెవరూ మరచిపోలేని సంవత్సరం. ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ ఒక ఇంటి యజమానిని పొట్టనపెట్టుకుంది. సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి ఎనిమిది మంది ప్రాణాలు తీసింది. ఆ ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. ఆ ఏడాది డిసెంబరు నుంచి, తర్వాత 2023 మార్చి చివరి నుంచి రెండు దశల్లో కేంద్రం బ్యాటరీ ప్రమాణాలను కఠినం చేసింది. లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉండనే ఉంది.

చట్టం ఉంది, సరే. పిలుపు ఎవరికి చేరుతుంది? గంటకు 25 కిలోమీటర్లు మించని చిన్న స్కూటర్లకు మన దేశంలో రిజిస్ట్రేషను అక్కర్లేదు. అంటే అవి ఎవరి ఇంట్లో ఉన్నాయో రవాణా శాఖ పుస్తకాల్లో ఉండదు. అవి ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంటాయి. మొదటి యజమాని ఫోన్‌కు సందేశం వస్తుంది, మూడో యజమాని ఇంట్లో బ్యాటరీ మండుతుంది. పాలు వేసేవారు, ట్యూషన్లకు తిరిగే ఆడపిల్లలు, చాచాలాంటి మూట వ్యాపారులు కొనేది ఎక్కువగా ఇలాంటి సెకండ్‌హ్యాండు బండ్లనే.

మన మెకానిక్ సోదరుల గోడు కూడా చెప్పాలి. గొలుసు శబ్దాన్ని బట్టి జబ్బు చెప్పే ఉస్తాదులు వీరు. చాచా ముందుగా తన బండిని వీరి దగ్గరికే తీసుకువెళ్ళారు. బండి ఎందుకు ఆగిందో వారికి అంతుపట్టలేదు. బ్యాటరీ లెక్కలన్నీ కంపెనీ తాళం కింద ఉంటే వారు మాత్రం ఏం చేస్తారు? ఎంత చార్జి నిండుతున్నది, ఏ సెల్ వేడెక్కుతున్నది, చివరి మార్పు ఏ తేదీన వచ్చింది అన్న మూడు సంగతులైనా ఏ మెకానిక్ అయినా చూసుకునేలా ఉండాలి.

భద్రత కోసం చేసే ప్రతి మార్పునూ ముందుగా తెలుగులో, మామూలు మాటల్లో, ఎస్సెమ్మెస్ రూపంలోనైనా చెప్పటం తప్పనిసరి చేయాలి. తగ్గించిన చార్జింగును తిరిగి ఎప్పుడు ఇస్తారో, ఇవ్వలేకపోతే ఎంత పరిహారం ఇస్తారో అందులోనే రాయాలి. చిన్న స్కూటర్లయినా సరే, బ్యాటరీ నంబరుతో సహా ఎవరి దగ్గర ఉన్నాయో నమోదు కావాలి. రాష్ట్ర రవాణా శాఖలు ఈ కోరికలను కేంద్రం ముందు పెట్టటానికి ఇంకో అగ్నిప్రమాదం కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఎంత తగ్గించారు, ఎందుకు తగ్గించారు, ఎన్నాళ్ళు అని కాగితం మీద రాసివ్వమని చాచా షోరూము వారిని అడిగారు. మేము ఇది రాసేనాటికి ఆ కాగితం రాలేదు. బండిని మాత్రం ఆయన మెట్ల కింద నుంచి తీసి వాకిట్లో వేపచెట్టు కింద పెడుతున్నారు. రాత్రిళ్ళు చార్జింగ్ పెట్టటం మానేశారు.