మన పెరటి పక్షులు: డేగకు ఫొటో తీయటం

పిల్లలూ! ఎండ ఎక్కేవేళ పెరట్లో పిచ్చుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు ఒక్కసారిగా అరిచి, వెంటనే చడీచప్పుడు లేకుండా పోవటం మీరెప్పుడైనా గమనించారా? ఉడుత కూడా చెట్టు మానుకు అతుక్కుపోయి కదలకుండా ఉంటుంది. అప్పుడు మీరు ఆకాశంకేసి చూడకండి. జామచెట్టు గుబురులోకి చూడండి. బహుశా అక్కడ డేగ ఉంటుంది.

చాలామంది దీన్ని కూడా గద్ద అనే అంటారు. కాని గద్ద వేరు, డేగ వేరు. గద్ద పొడుగాటి రెక్కలు చాచి ఎత్తున తిరుగుతూ, వాకిట్లో కోడిపిల్ల కనబడితే తన్నుకుపోతుంది. పెరటి డేగ పావురమంతే ఉంటుంది. ముక్కు నుంచి తోక చివరిదాకా కొలిస్తే 30 సెంటీమీటర్లు. రెక్కలు పొట్టి, తోక పొడుగు. అందుకే కొమ్మల సందుల్లో మలుపులు తిరుగుతూ ఎగరగలదు. తోకే దానికి చుక్కాని అన్నమాట. మగదాని కన్ను ఎర్రగా ఉంటుంది. ఆడది మగదానికన్న పెద్దది. దీన్ని జాలెడేగ అంటారు. ఇంగ్లీషులో షిక్రా.

వెనకటి రోజుల్లో వీటిని పట్టి, మచ్చిక చేసి, వేటకు వాడేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. డేగను పట్టటం, పెంచటం ఇప్పుడు నేరం. కాబట్టి మనం దాన్ని ఫొటోలోనే పట్టాలి!

అది అంత సులువు కాదు. లెక్క వేసి చూడండి. డేగ సెకండుకు 10 మీటర్లు పోతున్నదనుకుందాం. కెమేరా కన్ను సెకండులో నూరో వంతు తెరుచుకుంటే ఆ కాస్తలోనే డేగ 10 సెంటీమీటర్లు జరుగుతుంది. ఫొటోలో పక్షికి బదులు బూడిదరంగు చార పడుతుంది. రెండువేలవ వంతు మాత్రమే తెరిస్తే అర సెంటీమీటరు జరుగుతుంది. అప్పుడు ఈకలు కూడా కనబడతాయి.

ఇక దాక్కోవటం. 1892లో ఇంగ్లండులో రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు ఒక పక్షిగూటిని గుడ్లతో సహా ఫొటో తీశారు. తరవాత కొన్నేళ్ళకు పక్షులు బెదరకుండా ఉండాలని వాళ్ళు ఎద్దుచర్మంతో ఒక బోలు ఎద్దును చేయించి, దాని పొట్టలో దూరి ఫొటోలు తీశారు. సంక్రాంతికి మన ఇంటికి వచ్చే గంగిరెద్దు పొట్టలో మనిషి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి! మనకు కిటికీ తెర చాలు.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి మా చెల్లెలి కొడుకు చల్లపల్లి వచ్చాడు. కెమేరా ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. మూడురోజులు ఏమీ రాలేదు. మధ్యలో పసులపోలిగాడు ఒకటి అచ్చం డేగలా అరిచి, గోరింకలతోపాటు మమ్మల్ని కూడా బెదరగొట్టింది. గోరింకలు పారిపోతే వాటి పురుగులు కాజేయటానికి అది వేసే ఎత్తు!

వాడికి విసుగెత్తింది. "మామయ్యా, కోడిపిల్ల కాలికి దారం కట్టి పెడితే డేగ తప్పక వస్తుంది గదా?" అన్నాడు.

"వస్తుంది. కాని పారిపోయే వీలు లేకుండా కట్టేసినదాన్ని చంపించి, దానికి వేట అని పేరు పెడతామా?" అన్నాను. వాడు మూతి ముడుచుకున్నాడు.

నాలుగోరోజు డేగ వచ్చింది. మందారచెట్టు మీద అప్పుడే గూడు వదిలిన పిగిలిపిట్ట పిల్ల ఒకటి ఉంది. డేగ నేలబారుగా దూసుకొచ్చింది. మావాడు మీట నొక్కవలసినవాడు, కెమేరా ఒళ్ళో పడేసి కిటికీ చరిచి, "హుష్!" అని కేకపెట్టాడు. డేగ ఒట్టికాళ్ళతో పోయింది.

నేనేమీ అనలేదు. సాయంత్రం డాబా మీదికి తీసుకుపోయి, దుర్భిణితో గోడ అవతలి చింతచెట్టు చూపించాను. కాకిగూడు లాటి పుల్లల గూట్లో తెల్లటి నూగుతో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

చాలాసేపు చూసి, "ఇవాళ వీటి అన్నం మనం చెడగొట్టామా?" అన్నాడు.

"ఒక పూట," అన్నాను.

చెట్టెక్కి దగ్గరగా ఫొటో తీస్తానన్నాడు. 1937లో ఎరిక్ హాస్కింగ్ అనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫరు చీకట్లో గుడ్లగూబ గూటి దగ్గరికి పోతే, అది గోళ్ళతో కొట్టి ఎడమకన్ను పోగొట్టింది. ఆ కథ చెప్పాను. పైగా మనం గూటి దగ్గర తచ్చాడితే తల్లి బెదిరి లేచిపోతుంది. పిల్లలు ఎండకు మాడతాయి, లేదా కాకుల పాలవుతాయి. వాడు మళ్ళీ కిటికీ దగ్గరికే వచ్చాడు.

మర్నాడు డేగ వచ్చినప్పుడు వాడు కిటికీ చరచలేదు. ఫొటోలో డేగ రెక్కలు కొంచెం అలుక్కుపోయినై గాని, కాళ్ళలో తొండ స్పష్టంగా ఉంది. ఆ ఫొటోను బాగా పెద్దది చేసి చూస్తే, కింద మందార ఆకుల నీడలో పిగిలిపిట్ట పిల్ల కన్ను కూడా కనబడింది.