ఆకాశంలో మన ఉత్తరాలు ఎవరు చదువుతున్నారు?

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ మధ్య ఒక సమావేశానికి హైదరాబాదు నుంచి జెనీవా వెళ్తున్నాను. మా సహాయ కేంద్రానికి వచ్చిన ఒకామె కేసు కాగితాలు, గృహహింస చట్టం కింద వేయాల్సిన పిటిషన్ చిత్తుప్రతి, ఆ రాత్రిలోగా చూసి పంపమని మా లాయరు చెప్పింది. విమానంలో వైఫై ఉంది కదా, ఇన్ని గంటలు ఊరికే కూర్చోవడమెందుకని లాప్‌టాప్ తెరిచాను. పేరు అడిగింది. సీటు నంబరు అడిగింది. ఈమెయిల్ అడిగింది. అన్నీ ఇచ్చాక మా సంస్థ మెయిల్ తెరవబోతే తెరనిండా హెచ్చరిక. మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదు, మీ పాస్‌వర్డ్‌ని ఎవరైనా దొంగిలించే ప్రయత్నంలో ఉండవచ్చు అని.

ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి చూపించాను. "అందరికీ అలాగే వస్తుంది మేడమ్, కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి ముందుకు వెళ్ళిపోండి" అంది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. రాత్రంతా నిలబడి మూడువందల మందికి సేవ చేసే ఆమెకు ఆ సలహా ఇవ్వమని ఎవరో నేర్పారు, లేదా ఎవరూ ఏమీ నేర్పలేదు. నొక్కింది మాత్రం నేనే. మెయిల్ తెరుచుకుంది, ఫైలు తెరుచుకుంది. మొదటి పేజీలోనే, భర్తకు తెలియకుండా ఆమె ప్రస్తుతం తలదాచుకుంటున్న ఇంటి చిరునామా!

అప్పుడు గుండె ఝల్లుమంది. లాప్‌టాప్ మూసేశాను. మూసి ఏం లాభం? పాస్‌వర్డ్ అప్పటికే ఆ దారిన వెళ్ళింది. ఆ మెయిల్లో ఈ ఒక్కామె కేసే కాదు, ఏళ్ళ తరబడి మన దగ్గరికి వచ్చిన స్త్రీల కథలన్నీ ఉన్నాయి. దిగగానే పాస్‌వర్డ్ మార్చాను. లాయరుకి చెప్పాను. ఆమెకూ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పోనీలే అక్కా, మా ఆయన విమానాల్లో ఎక్కడున్నాడు" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.

సాంకేతిక విషయాలు మనకెందుకు, కంప్యూటర్ కుర్రాళ్ళు చూసుకుంటారులే అనే ధోరణి మనలో ఇంకా ఉంది. నాలోనూ ఉంది. కానీ ఇది మనకు తెలియని విషయమేమీ కాదు. అత్తవారింట్లో కొత్తకోడలికి వచ్చిన ఉత్తరం ముందు మామగారు చదివి, తర్వాత ఆమె చేతికిచ్చిన రోజులు మన తరానికి గుర్తే. కార్డు ముక్క మీద రాస్తే పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా చదివేవారు. అందుకే అమ్మకు కష్టం చెప్పుకోవాలంటే ఇన్లాండ్ లెటరు కొని అంచులు గట్టిగా అంటించేవాళ్ళం. బ్రౌజర్లో వెబ్ చిరునామా ముందు https అని ఉంటే అది ఇన్లాండ్ లెటరు. ఆ 's' లేకపోతే అది కార్డు ముక్క. ఇక సర్టిఫికెట్ అంటే అవతల ఉన్నది నిజంగా మా అమ్మేనని, మధ్యలో ఇంకెవరూ కాదని ఇచ్చే హామీ. ఆ హామీ సరిగా లేనప్పుడే బ్రౌజర్ కేక వేస్తుంది.

ఆ కేకకు కారణం చిన్నదే కావచ్చు. విమానంలోగానీ హోటల్లోగానీ వైఫై తన లాగిన్ పేజీ చూపించడానికి మనం అడిగిన పేజీకి అడ్డుపడుతుంది. అప్పుడు కూడా హెచ్చరిక వస్తుంది. చిక్కంతా ఇక్కడే. నిజమైన ప్రమాదానికీ, ఉత్త అడ్డంకికీ ఒకే కేక. పదిసార్లు ఉత్తదే అయ్యాక పదకొండోసారి మనం వినం.

ఉత్తది కానిది కూడా జరిగింది. 2015 జనవరిలో, గూగుల్‌లో క్రోమ్ బ్రౌజర్ భద్రత చూసే ఇంజనీరు అడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అమెరికాలో విమానంలో వెళ్తూ ఒక వింత గమనించింది. యూట్యూబ్ తెరిస్తే వచ్చిన సర్టిఫికెట్ గూగుల్‌ది కాదు. విమానంలో వైఫై నడిపే గోగో కంపెనీ తానే తయారుచేసి పెట్టింది! ఇన్లాండ్ లెటరు చింపి, మళ్ళీ అంటించి, పైన తన ముద్ర వేసుకున్నట్టు. ఆమె ఆ తెరను ఫొటో తీసి అందరి ముందూ పెట్టి, ఎందుకిలా చేస్తున్నారని అడిగింది. వీడియోలు చూస్తే అందరికీ వేగం తగ్గుతుంది కాబట్టి వాటిని అడ్డుకోవడానికే అలా చేశామనీ, ఎవరి సమాచారమూ సేకరించలేదనీ కంపెనీ జవాబిచ్చింది. వీడియోలు ఆపడానికి నకిలీ గుర్తింపు ఎందుకు? ఇదే కంపెనీ చట్టం కోరినదానికంటే ఎక్కువగా చట్టాన్ని అమలుచేసే సంస్థలకు సహకరించానని అంతకుముందు 2012లో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు రాసిన లేఖలో తానే చెప్పుకుంది.

ఫెల్ట్ గురించి ఇంకో మాట చెప్పాలి. దేవదత్త అఖావేతో కలిసి ఆమె 2013లో ప్రచురించిన అధ్యయనంలో, క్రోమ్ వాడేవాళ్ళు ఇలాంటి హెచ్చరికల్లో దాదాపు 70 శాతాన్ని దాటుకుని ముందుకు వెళ్ళిపోయారని తేలింది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళలో అది 33 శాతమే. మనుషులు తెలివితక్కువవాళ్ళయితే రెండు చోట్లా ఒకేలా ఉండాలి కదా? హెచ్చరికను ఎలా రాశారు, ఎలా చూపించారు అన్నదాన్నిబట్టి మనిషి ఆగడమో వెళ్ళిపోవడమో ఉంటుంది. చదువురాని ఆడవాళ్ళ అజ్ఞానం అంటూ నెపం మన మీదికి నెట్టేవాళ్ళకు ఈ లెక్క చూపించండి.

ఇక ఆస్ట్రేలియా సంగతి. 2024 ఏప్రిల్లో అక్కడ ఒక దేశీయ విమానంలో సిబ్బందికి అనుమానాస్పదమైన వైఫై పేరు కనిపించింది. ఫిర్యాదు చేశారు. అసలు నెట్‌వర్క్ పేరే పెట్టుకున్న ఒక చిన్న పరికరాన్ని ఒక ప్రయాణికుడు సంచిలో పెట్టుకు తిరుగుతున్నాడని పోలీసులు తేల్చారు. దానికి కలిసినవాళ్ళకు ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా ఖాతాతోనో లాగిన్ కమ్మనే నకిలీ పేజీ వచ్చేది. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ ఇదే చేశాడు. అతని దగ్గర ఏం దొరికింది? బ్యాంకు ఖాతాల దోపిడీ అనుకుంటాం. దొరికినవి వేల సంఖ్యలో అంతరంగిక ఫొటోలు, వీడియోలు. అనేకమంది స్త్రీల ఖాతాల్లోకి చొరబడి వాళ్ళ సంభాషణలు గమనించాడు, వాళ్ళ సొంత ఫొటోలు దొంగిలించాడు. 2025 నవంబరులో కోర్టు అతనికి 7 సంవత్సరాల 4 నెలల జైలుశిక్ష వేసింది. దాన్ని సైబర్ నేరం అని పత్రికలు రాశాయి. స్త్రీలపై హింస అని నేనంటాను.

మన దేశంలో విమానాల్లో ఇంటర్నెట్‌కు వీలిచ్చే నియమాలు 2018 డిసెంబరులో వచ్చాయి. 2025 జనవరి 1 నుంచి ఎయిర్ ఇండియా దేశంలో తిరిగే కొన్ని విమానాల్లోనూ వైఫై మొదలుపెట్టింది. ఎక్కేది డబ్బున్నవాళ్ళే కదా అనకండి. కూతురి పురిటికి డాలస్‌కో న్యూజెర్సీకో ఒంటరిగా బయల్దేరే మన అమ్మల్ని చూడండి. "ఎక్కడిదాకా వచ్చావో మెసేజ్ పెట్టమ్మా" అని కూతురు పదిసార్లు చెప్పి ఉంటుంది. వైఫై కలపడం రాక పక్క సీటాయన చేతికి ఫోనిస్తారు, పాస్‌వర్డ్ నోటితో చెప్తారు. కాపురం విడిచి పిల్లవాడితో తిరిగొచ్చేస్తున్న ఆమె సంగతి? వైఫైకి డబ్బు కడితే కార్డు తాలూకు మెసేజ్ భర్త ఫోనుకు వెళ్తుంది. ఏ దొంగ సర్టిఫికెట్ అక్కర్లేకుండానే ఆమె ఆకాశంలో ఉందని అతనికి తెలిసిపోతుంది.

గోప్యత గొప్పింటివాళ్ళ ముచ్చట కాదు. 1983లో టి. సరీత కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను భర్త దగ్గరికి వెళ్ళి కాపురం చేయమని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె అంతరంగిక హక్కునూ గౌరవాన్నీ హరిస్తుందని కొట్టేశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదంది. గోప్యత ప్రాథమిక హక్కేనని అదే సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో చెప్పడానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. దేశమంతా ఆధార్ గురించి మాట్లాడుకోకముందే ఈ మాట మన దగ్గర ఒక స్త్రీ కేసులో వచ్చిందని మర్చిపోతున్నాం.

మరి ఏం చేద్దాం? విమానాల సంస్థలు నకిలీ సర్టిఫికెట్లు వాడబోమని రాతపూర్వకంగా చెప్పాలి, లాగిన్ కోసం అవసరం లేని వివరాలు అడగకూడదు, సిబ్బందికి "నొక్కి వెళ్ళిపోండి" అని కాక "ఆగండి" అని నేర్పాలి. ఈ మేరకు పౌర విమానయాన శాఖకు ఒక వినతిపత్రం తయారుచేస్తున్నాం. మన వంతుగా, బాధితుల కాగితాలు నేల మీదే చూసుకుందాం. వైఫై పేరు సిబ్బందిని అడిగి తెలుసుకుని కలుపుదాం. ఉచిత వైఫై పేజీ మన మెయిల్ పాస్‌వర్డో ఫేస్‌బుక్ పాస్‌వర్డో అడిగితే బయటికి వచ్చేద్దాం. వీపీఎన్ మంచిదే గానీ కొన్ని విమానాల్లో దాన్ని పనిచేయనివ్వరు. ఓటీపీ మెసేజ్‌లు అక్కడికి రావు కదా అని బయల్దేరే ముందు రెండంచెల తాళం తీసేసేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చేయకండి.

వినతిపత్రం ప్రతి కావలసినవారు మా కార్యాలయానికి రాయండి. సంతకాలతోపాటు మీకు ఎదురైన అనుభవాలు కూడా రాసి పంపండి. పేర్లు, ఊర్లు రాయనక్కర్లేదు.